ప్రతి వాంతీ పొట్టది కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివాక మిగతావి పక్కన పెట్టేశాను. ఒక తల్లి రాసింది. ఆవిడని అడిగి, ఊరూ పేరూ లేకుండా ముందుగా అదే ఇస్తున్నాను. దానికి దగ్గరగా ఉన్న ప్రశ్నలు ఇంకొన్ని వచ్చి ఉంటే వాటికీ ఇక్కడే జవాబు రాశాను. జలుబు, దగ్గు, ఆకలి గురించి అడిగినవాళ్లు దయచేసి వచ్చే నెల దాకా ఆగండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఏడేళ్లు. రెండో తరగతి. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచినప్పటి నుంచి పొద్దున లేవగానే కక్కుకునేవాడు. కక్కిన పది నిమిషాలకి మామూలుగా అయిపోయి టిఫిన్ తిని బడికి వెళ్లేవాడు. బడి ఎగ్గొట్టడానికి చేస్తున్నాడేమో అని మా ఆయన ఒకట్రెండు సార్లు కోప్పడ్డారు కూడా. ఆర్‌ఎంపీ గారు పైత్యం అన్నారు, నులిపురుగుల మందు వేశారు. తర్వాత టౌన్లో డాక్టరుకి చూపిస్తే గ్యాస్‌కి సిరప్ రాశారు. మా అత్తగారు దిష్టి తీశారు. తలనొప్పి అని అప్పుడప్పుడు అనేవాడు, టీవీ ఎక్కువైందని రిమోట్ దాచేశాను. సైకిల్ మీద నుంచి ఊరికే పడుతుండేవాడు, మోకాళ్లు ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి. ఐదో వారంలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి తల పట్టుకుని ఏడ్చాడు, కక్కాడు, మళ్లీ పడుకున్నాడు. ఆరింటికి లేపితే లేవలేదు. గురకలాగా ఊపిరి తీస్తున్నాడు. ఆస్పత్రికి వెళ్లే దారిలోనే ఆగిపోయింది. పోస్టుమార్టంలో చిన్నమెదడులో గడ్డ ఉంది, తలలో నీరు నిండిపోయింది అని రాశారు. ముందు రోజు సాయంత్రం దాకా ఆడుకున్న పిల్లాడు. గడ్డ ఉంటే అన్నాళ్లు ఎలా తిరిగాడు, ఒక్క రాత్రిలో ఎలా పోయాడు? నేను కనిపెట్టి ఉంటే బతికేవాడా? మా ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు. మాకు రెండో బిడ్డ పాప ఉంది, దాన్ని చూసినా భయమేస్తోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి ఎలా జరిగింది అని, రెండోది మీ వల్ల జరిగిందా అని. రెండోదానికి జవాబు ముందే చెప్తాను: మీ వల్ల కాదు. ఎందుకు కాదో ఎలా జరిగిందో చెప్తేనే తెలుస్తుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో వాళ్లతో కూడా చదివించండి.

మన మెదడు లోపల ఒక నీరు ఎప్పుడూ తయారవుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకి దాదాపు అర లీటరు. మెదడు మధ్యలో ఉండే గదుల్లాంటి ఖాళీల్లో ఊరి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి సన్నటి దారుల గుండా పారి, చివరికి తల వెనక భాగంలో చిన్నమెదడు పక్కనున్న నాలుగో గదిలోంచి బయటికి వచ్చి, మెదడు చుట్టూ తిరిగి రక్తంలో కలిసిపోతుంది. రాత్రీ పగలూ ఆగదు. పిల్లల్లో వచ్చే మెదడు గడ్డల్లో దాదాపు సగం సరిగ్గా ఈ వెనక భాగంలోనే వస్తాయి, అంటే పొలానికి నీరు పోయే తూము దగ్గరే రాయి పడ్డట్టు. గడ్డ ఇంకా నిమ్మకాయంత ఉన్నప్పుడే దారి మూసుకుపోవడం మొదలవుతుంది, కానీ పైన నీరు ఊరడం ఆగదు. ఆ నీరు పోయే చోటు లేక తలలోనే నిలిచిపోతుంది.

మరి అన్నాళ్లు ఎలా తిరిగాడు అంటే, శరీరం సర్దుకుంటుంది కాబట్టి. పుర్రె ఎముక, అది సాగదు (ఏడాది లోపు పిల్లల్లో సాగుతుంది, అందుకే వాళ్లలో తల చుట్టుకొలత పెరుగుతుంది). లోపల ఉండేవి మూడే: మెదడు, రక్తం, ఈ నీరు. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గి చోటిస్తుంది. గడ్డ పెరిగేకొద్దీ కొంత నీరు వెన్ను వైపుకి జరుగుతుంది, సిరల్లో రక్తం కొంచెం తగ్గుతుంది, అలా వారాల తరబడి తలలో ప్రెషర్ పెద్దగా పెరగకుండా నెట్టుకొస్తుంది. ఆ కాలంలో పిల్లాడు పొద్దున కక్కి సాయంత్రం ఆడుకుంటాడు. కానీ సర్దుకునే చోటు అయిపోయిన రోజు, ఇంకొక్క రెండు చెంచాల నీరు చేరినా ప్రెషర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ గడ్డ పెద్దగా పెరిగి ఉండదు, ఆ గీత దాటుతుంది అంతే. కొందరిలో గడ్డలో రక్తస్రావం అయి అదే పని చేస్తుంది. ప్రెషర్ అలా పెరిగాక చిన్నమెదడు అడుగు భాగం కిందికి జారి, పుర్రె అడుగున వెన్నుపాము బయటికి వచ్చే రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఊపిరి తీయించే కేంద్రం అక్కడే ఉంటుంది. మీరు రాసిన గురకలాంటి ఊపిరి అప్పటిది. ఆ స్థితికి వచ్చాక ఇంట్లో ఎవరూ ఏమీ చేయగలిగింది లేదు.

తెల్లవారుజామునే ఎందుకంటే, పడుకుని ఉన్నప్పుడు తల నుంచి రక్తం, నీరు కిందికి దిగడం తగ్గుతుంది, పైగా నిద్రలో ఊపిరి నెమ్మదించి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరుగుతుంది, దానికి మెదడులో రక్తనాళాలు ఉబ్బుతాయి. అప్పటికే నిండి ఉన్న తలకి అది చాలు. అందుకే ఈ పిల్లలు పొద్దున లేస్తూనే తలనొప్పి అంటారు, కక్కుతారు, లేచి తిరుగుతుంటే తేలికపడతారు. ఇంకో సంగతి కూడా ఉంది. వాంతిని పుట్టించే చోటు ఆ నాలుగో గది అడుగునే ఉంటుంది, కాబట్టి అక్కడ గడ్డ వస్తే తలనొప్పి లేకుండా ఉత్త వాంతులే వారాల తరబడి రావచ్చు. విరేచనాలు ఉండవు, కడుపునొప్పి పెద్దగా ఉండదు, జ్వరం ఉండదు. పొట్ట బాగానే ఉంటుంది, వాంతి మాత్రం అవుతుంది. తూలి పడటం కూడా అక్కడిదే, ఎందుకంటే నడకలో బ్యాలెన్స్ చూసేది చిన్నమెదడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇవన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఇవాళ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అప్పుడు మీకు అవి ఒకచోట లేవు. వాంతి ఒక డాక్టరు దగ్గరికి, తలనొప్పి టీవీ ఖాతాలోకి, పడిపోవడం పిల్లాడి అల్లరి ఖాతాలోకి వెళ్లాయి. మీరు ఒకరికి కాదు, ఇద్దరికి చూపించారు, అది నిర్లక్ష్యం కాదు. బ్రిటన్‌లో, ప్రతి పిల్లాడికీ ఉచితంగా డాక్టరు అందుబాటులో ఉండే దేశంలో, 2011కి ముందు మెదడు గడ్డ ఉన్న పిల్లల్లో సగం మందికి మొదటి లక్షణం కనిపించిన దగ్గర్నుంచి జబ్బు ఏమిటో తేలడానికి 14 వారాలకు పైనే పట్టేది. అప్పుడు అక్కడ హెడ్‌స్మార్ట్ అని ఒక ప్రచారం మొదలుపెట్టి, ఏ లక్షణాలు కలిసి వస్తే అనుమానించాలో డాక్టర్లకీ తల్లిదండ్రులకీ కార్డుల మీద అచ్చేసి పంచారు. కొన్నేళ్లలో ఆ 14 వారాలు 7 వారాల లోపుకి వచ్చాయి. చదువుకున్న డాక్టర్లకే మూడు నెలలు పట్టే జబ్బుని ఐదు వారాల్లో మీరు కనిపెట్టలేదని ఎవరైనా అంటే, వాళ్లకి ఈ పేజీ చూపించండి.

ముందే తెలిస్తే బతికేవాడా అని అడిగారు. మీకు అబద్ధం చెప్పను. ఏ రకం గడ్డో దాని మీద ఆధారపడి ఉంటుంది. చిన్నమెదడులో నెమ్మదిగా పెరిగే ఒక రకం ఉంది, అది పూర్తిగా తీసేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఏళ్ల తరబడి బాగుంటారు. మెడుల్లోబ్లాస్టోమా అనే కాన్సర్ గడ్డ ఉంది, దానికి ఆపరేషన్, రేడియేషన్, కీమో అన్నీ కావాలి, అయినా మంచి వైద్యం అందితే చాలామంది పిల్లలు బతుకుతారు. ఇంకో రకం మెదడు కాండంలో, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే చోట వస్తుంది, దాన్ని మొదటి రోజే కనిపెట్టినా ఇవాళ్టికీ మా దగ్గర నయం చేసే మందు లేదు. మీ బాబుది ఏ రకమో ఆ రిపోర్టులో ఉండచ్చు, గడ్డ ముక్కని పరీక్షకి పంపి ఉంటే ఆ కాగితం అడిగి తీసుకోండి. అది మీకు తెలుసుకునే హక్కు ఉన్న విషయం. రెండో పాప ఉందని రాశారు, ఆమె గురించి భయపడకండి, చాలా గడ్డలు వంశంలో వచ్చేవి కావు. పాప ఒంటి మీద పాలు కలిపిన టీ రంగు మచ్చలు ఆరో అంతకన్నా ఎక్కువో, ఒక్కొక్కటీ 5 మిల్లీమీటర్లకి మించి ఉంటేనో, ఇంట్లో చిన్న వయసులో కాన్సర్లు వచ్చినవాళ్లు ఇంకా ఉంటేనో పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. లేకపోతే ఆ పాపకి స్కాన్ అక్కర్లేదు.

మీరు కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో, గ్రహణం చూసినందుకో కూడా ఇది రాలేదు. రిమోట్ దాచినందుకు అసలే కాదు.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. వారానికి ఒకట్రెండు సార్లు బడి నుంచి వచ్చాక తలనొప్పి అంటుంది, లైటు ఆర్పి పడుకుంటే గంటలో తగ్గుతుంది. మా ఆవిడకి మైగ్రేన్ ఉంది. ఈమధ్య మా కాలనీలో ఒక పిల్లాడికి మెదడు గడ్డ బయటపడ్డప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది. ఎంఆర్ఐ తీయించేయనా?

జవాబు: అక్కర్లేదండీ. మీరు రాసింది మైగ్రేన్ లాగే ఉంది: తల్లికి ఉంది, సాయంత్రం వస్తోంది, చీకట్లో పడుకుంటే పోతోంది, మధ్యలో రోజులన్నీ పాప బాగానే ఉంటోంది. తలనొప్పి అని వచ్చే పిల్లల్లో గడ్డ ఉండేది చాలా చాలా అరుదు. నిద్ర చాలకపోవడం, పొద్దున ఏమీ తినకుండా బడికి వెళ్లడం, నీళ్లు తాగకపోవడం, సైటు, సైనస్, ఇవే ఎక్కువ.

ఒక నోట్‌బుక్‌లో తేదీ, టైము, ఎంతసేపు, వాంతి అయిందా లేదా రాయండి. నాలుగు వారాలు రాస్తే మీకే ఒక వరస కనిపిస్తుంది. ఆ నాలుగు వారాల్లో తలనొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే, నిద్రలోంచి లేపుతుంటే, లేదా లేవగానే వస్తుంటే, దగ్గినప్పుడు ఎక్కువవుతుంటే, అప్పుడు ఆగకూడదు. జ్వరం, విరేచనాలు లేకుండా వాంతులు రెండు వారాలు దాటినా ఆగకూడదు. ఈలోగా ఒక్క పని మాత్రం చేయించండి: కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి అద్దాల నంబరుతో సరిపెట్టుకోకుండా, చుక్కలు వేసి కంటి వెనక నరం వాపు ఉందేమో చూడమని అడగండి. తలలో ప్రెషర్ పెరిగితే ఆ నరం ఉబ్బుతుంది, చూడటానికి పది నిమిషాలు చాలు. నరం వాపు లేదంటే గడ్డ అసలే లేదని కాదు, కానీ వాపు ఉంటే ఆ రోజే స్కాన్ కావాలి. కళ్లజోడు కోసం వెళ్లిన చోట గడ్డ బయటపడిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు, ఆ కంటి డాక్టర్లకి నేను ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పాను.

ప్రశ్న: నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని. నాలుగో తరగతి పిల్లాడొకడు మొదటి నుంచీ ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు, రెండు నెలలుగా గీతలు గీతలుగా రాస్తున్నాడు. తల ఒక పక్కకి వంచి చూస్తున్నాడు. లైన్లో నడిచేటప్పుడు పక్కవాళ్లని గుద్దుకుంటున్నాడు. వాళ్ల నాన్న కూలికి వెళ్తారు, చెప్తే వాడికి సోమరితనం అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, వాళ్ల నాన్నని రేపే పిలిపించి, ఈ వారంలోనే ఆ పిల్లాడిని పెద్దాస్పత్రికి పంపించండి. అవసరమైతే మీరే తీసుకెళ్లండి. అది సోమరితనం కాదు. బాగా రాసేవాడు రాయలేకపోవడం, బాగా నడిచేవాడు తూలడం, అంటే వచ్చిన విద్య పోవడం, అది ఎప్పుడూ పట్టించుకోవాల్సిన సంగతే. తల వంచి చూసే పిల్లలు చాలాసార్లు బొమ్మ రెండుగా కనిపిస్తుంటే దాన్ని ఒకటి చేసుకోవడానికి అలా వంచుతారు, రెండుగా కనిపిస్తోందని చెప్పడం వాళ్లకి తెలియదు. నేను పీజీలో ఉన్నప్పుడు ఇలాగే మెడ వంచుతున్న ఒక పాపని మెడ పట్టేసిందనుకుని ఫిజియోథెరపీకి రాసి పంపాను. నెల తర్వాత నడవలేని స్థితిలో తిరిగి వచ్చింది. పాప బతికింది, కానీ ఆ నెల నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి మెడ వంచిన ప్రతి పిల్లనీ గదిలో నడిపించి చూస్తాను.

మీరూ చూడచ్చు. నేల మీద చాక్‌పీస్‌తో గీత గీసి, మడమకి వేళ్లు ఆనించి దాని మీద నడవమనండి. మీ వేలు చూపించి, వాడి ముక్కునీ మీ వేలునీ మార్చి మార్చి ముట్టుకోమనండి. తోటి పిల్లలందరూ చేయగలిగి వాడొక్కడే తూలుతుంటే, చెయ్యి వణికి గురి తప్పుతుంటే, అదే కాగితం మీద రాసి పంపండి. పాత నోట్‌బుక్, కొత్త నోట్‌బుక్ రెండూ సంచిలో పెట్టండి, డాక్టరుకి ఏ రిపోర్టూ చెప్పని సంగతి అవి చెప్తాయి. పిల్లల ఆరోగ్యం చూడటానికి ప్రభుత్వం తరఫున బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే హెల్త్ టీమ్‌కి కూడా చెప్పచ్చు, కానీ వాళ్లు వచ్చే దాకా ఆగకండి. న్యూరోసర్జరీ విభాగం ఉన్న చోటికే వెళ్లమనండి: హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు పెద్దాస్పత్రులు, తిరుపతిలో స్విమ్స్. మెదడు గడ్డల ఆపరేషన్లు తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేస్తారు, కార్డు వెంట తీసుకెళ్లమని మర్చిపోకుండా చెప్పండి. కూలికి వెళ్లే మనిషి ఆస్పత్రి అనగానే ముందు ఖర్చుకే భయపడతాడు, ఆయన సోమరితనం అనడం వెనక అదే ఉండి ఉండచ్చు.

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు ఫిట్స్‌తో స్పృహ తప్పి పడిపోతే మెదడువాపు అనుమానం అని అన్నారు. వెన్నులో నీరు తీస్తారనుకుంటే, ముందు సీటీ కావాలని గంట ఆపారు. ఆ గంట వృథా కాదా?

జవాబు: కాదు. తలలో గడ్డ ఉండి ప్రెషర్ పెరిగి ఉన్నప్పుడు కింద వెన్నులోంచి నీరు తీస్తే, పైనున్న మెదడు ఒక్కసారిగా కిందికి జారి ప్రాణం పోవచ్చు. పైన తల్లికి చెప్పిన ప్రమాదం ఇదే. అందుకే స్పృహ లేని పిల్లాడికి ముందు సీటీ తీస్తారు, అది నిమిషాల్లో అయిపోతుంది. యాంటీబయాటిక్ కావాల్సి ఉంటే దానికోసం ఆగక్కర్లేదు, ఇంజెక్షన్ ముందే మొదలుపెడతారు. మీ డాక్టర్లు సరైన పనే చేశారు.

ప్రశ్న: సెల్‌ఫోన్ వల్ల పిల్లలకి మెదడు గడ్డలు వస్తాయా?

జవాబు: వస్తాయని తేలలేదు. 10 నుంచి 24 ఏళ్ల వయసువాళ్ల మీద మన దేశంతో కలిపి 14 దేశాల్లో మోబీ కిడ్స్ అనే పెద్ద పరిశోధన చేశారు, ఫోన్ వాడకానికీ గడ్డకీ సంబంధం కనిపించలేదు. కళ్ల కోసం, నిద్ర కోసం ఫోన్ తగ్గించండి, అది వేరే సంగతి. కానీ గడ్డ వచ్చిన పిల్లాడి అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి "ఫోన్ ఇచ్చారు, అందుకే" అనకండి.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు. పోయిన ఏడాది చిన్నమెదడులో గడ్డ తీసి, తలలోంచి పొట్టలోకి షంట్ వేశారు. ఇప్పుడు బాగుంది, ఒకటో తరగతిలో చేర్చాం. ఈమధ్య వైరల్ జ్వరాలు తిరుగుతున్నాయి కదా, వాంతి అయితే మాకు గుండె ఆగినంత పని అవుతోంది. ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి, ఎప్పుడు ఊరుకోవాలి?

జవాబు: మీ భయంలో అర్థం ఉంది. షంట్ అంటే మూసుకుపోయిన దారికి బదులు వేసిన గొట్టం, అది కూడా ఎప్పుడైనా మూసుకుపోవచ్చు, వేసిన మొదటి ఏడాదిలో ఇంకా ఎక్కువ. అప్పుడు మళ్లీ అదే తలనొప్పి, అదే వాంతి, అదే మగత వస్తాయి. షంట్ ఉన్న పిల్లలకి ఒక్క వాంతి అయి, జ్వరమూ విరేచనాలూ ఉండి, పాప హుషారుగా ఉంటే కొన్ని గంటలు చూడచ్చు. వాంతితో పాటు తలనొప్పి ఉన్నా, కళ్లు పైకి ఎత్తలేకపోతున్నా, మెల్లకన్ను కొత్తగా వచ్చినా, వేళ కాని వేళ పడుకుని లేపితే చిరాకుపడి మళ్లీ పడుకుంటున్నా, షంట్ పోయే దారిలో చర్మం ఎర్రబడినా వాచినా, తెల్లారే దాకా ఆగకండి. పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. దారిలో తల కింద ఎత్తు పెట్టి కొంచెం పైకి ఉంచండి, వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి, నోట్లో ఏమీ పోయకండి. సమయానికి వెళ్తే లోపలి నీరు బయటికి తీసేస్తారు, అంతసేపూ మగతగా పడి ఉన్న పిల్లలు కొద్ది గంటల్లో కళ్లు తెరిచి అమ్మని అడగడం నేను చాలాసార్లు చూశాను.

మామూలు రోజుల్లో పాపని బడికి పంపండి, ఆడుకోనివ్వండి, తలకి గట్టి దెబ్బ తగిలే ఆటలొక్కటే వద్దు. ఒక చిన్న కార్డు మీద పాప పేరు, షంట్ వేసిన తేదీ, ఏ రకం షంటో డిశ్చార్జి కాగితంలో ఉన్నది ఉన్నట్టు, చివరి స్కాన్ ఎప్పుడు తీశారు, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి లామినేట్ చేయించి బడి సంచిలో ఒకటి, టీచర్ టేబుల్ సొరుగులో ఒకటి పెట్టించండి. పాప బాగున్నప్పుడు తీసిన స్కాన్ ఫిల్మ్ ఇంట్లో తలుపు దగ్గర చేతికి అందే చోట ఉంచండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో కొత్త డాక్టరు ఎవరున్నా, ఆ పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తేనే మెదడులోని నీటి గదులు ఉబ్బాయో లేదో తేల్చి చెప్పగలుగుతారు.